పులికాట్ పక్షులను చూసొద్దాం రండి

హాస్టల్లో చదువుకున్న ప్రతి ఒక్కరికీ ఒక చెరువు గుర్తుంటుంది. ఆదివారం పూట బట్టలు ఉతుక్కోవడానికీ, ఈత కొట్టడానికీ పోయిన చెరువు. కట్ట మీద తుమ్మచెట్లు, తుమ్మచెట్ల మీద కొంగలు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ సాంఘిక సంక్షేమ హాస్టళ్ళలో వేర్వేరు సంవత్సరాల్లో చదివిన మేము ఎప్పుడు కలుసుకున్నా మూడు సంగతులు మాటల్లోకి రాకుండా ఉండవు. వార్డెన్ సారు కోపం, నీళ్ళ పప్పుచారు, ఆ చెరువు. ఒకసారి అలా మాట్లాడుకుంటుండగా మాలో ఒకరు, "గులేరు పట్టుకొని ఏడేండ్లు ఆ కొంగల వెంట తిరిగినం గదా, ఒక్కదాని పేరన్న తెలుసుకున్నమా?" అన్నారు.

అందరం నవ్వాం గానీ ఎవరి దగ్గరా జవాబు లేదు. తెల్లగా ఉన్నదల్లా కొంగ, నల్లగా ఉన్నదల్లా కాకి. మాకు తెలిసిన పక్షిశాస్త్రం అంతే. డిగ్రీలు చదివాం, ఉద్యోగాలు చేస్తున్నాం. మన పొలం గట్టు మీద రోజూ నిలబడే పక్షి పేరు మాత్రం తెలియదు.

ఆ సిగ్గుతోనే పులికాట్ ప్రయాణం పెట్టుకున్నాం. ఇప్పుడు హాస్టల్లో ఉంటున్న కొందరు తమ్ముళ్ళను కూడా వెంట తీసుకుపోయాం. అక్కడ చూసిందీ, తెలుసుకున్నదీ, మీరు వెళ్ళాలంటే ఏం చేయాలన్నదీ ఈ వ్యాసంలో రాస్తున్నాం.

సరస్సు కథ

మన దేశంలో ఉప్పునీటి సరస్సుల్లో ఒడిశాలోని చిలికా మొదటిది, పులికాట్ రెండవది. ఇది ఆంధ్రప్రదేశ్, తమిళనాడు రాష్ట్రాల సరిహద్దులో ఉంది. సరస్సులో ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌దే. దక్షిణపు కొస మాత్రం తమిళనాడులో ఉంది. అక్కడున్న పళవేర్కాడు ఊరు పేరునే తెల్లవాళ్ళు పులికాట్ అని పలికారు. 1613లో డచ్చివాళ్ళు ఆ ఊళ్ళో కోట కట్టుకొని వ్యాపారం చేశారు. మన తెలుగువాళ్ళు మాత్రం పూర్వం నుంచి ఈ సరస్సును ప్రళయకావేరి అన్నారు.

సరస్సు పొడవు సుమారు 60 కిలోమీటర్లు. ఇంత పెద్ద సరస్సు ఎంత లోతు ఉంటుందో అనుకున్నాం. చాలాచోట్ల సగటున ఒక మీటరు మాత్రమేనట. అంటే నడుము దాకా నీళ్ళు. సరస్సుకు తూర్పున బంగాళాఖాతం, రెంటి మధ్యన ఒక పొడవాటి ఇసుక దీవి. ఆ దీవే శ్రీహరికోట. మనం టీవీలో రాకెట్లు ఎగరడం చూసే శ్రీహరికోట, ఒక పక్క సముద్రానికీ ఇంకో పక్క పక్షుల సరస్సుకూ నడుమ ఉందని మాలో చాలామందికి అక్కడికి పోయేదాకా తెలియదు.

ఉత్తరం నుంచి స్వర్ణముఖి, పడమటి నుంచి కాళంగి, దక్షిణం నుంచి ఆరణి నదులు మంచినీళ్ళు తెస్తాయి. ఇసుకమేటల మధ్య తెరుచుకున్న ముఖద్వారాల గుండా సముద్రపు నీరు లోపలికి వస్తుంది. ఈ మంచినీళ్ళూ ఉప్పునీళ్ళూ కలిసిన చోటే రొయ్యలు, పీతలు, చేపపిల్లలు బాగా పెరుగుతాయి. వానకాలంలో సరస్సు నీళ్ళలో ఉప్పు తగ్గుతుంది. ఎండాకాలంలో సముద్రపు నీటికన్నా ఎక్కువవుతుంది. తిండి దొరికే ఇలాంటి నిస్సార జలాల కోసమే పక్షులు వెతుక్కుంటూ వస్తాయి. ఆంధ్రప్రదేశ్ వైపున్న భాగాన్ని 1976లో పక్షుల రక్షిత కేంద్రంగా ప్రకటించారు. అదే సంవత్సరం దగ్గర్లోని నేలపట్టును కూడా ప్రకటించారు.

ఎప్పుడు వెళ్ళాలి? ఎలా వెళ్ళాలి?

ముందు ఎప్పుడన్నది చెప్పాలి. ఎందుకంటే మా మొదటి పొరపాటు అక్కడే జరగబోయింది. వానలు దసరాకు తగ్గుతాయి గదా, దసరా సెలవుల్లో పోదామనుకున్నాం. తెలిసినవాళ్ళు ఆపారు. మన నల్లగొండ, సూర్యాపేట వైపు వానలు నైరుతి రుతుపవనాలవి. జూన్‌లో మొదలై సెప్టెంబరుకు తగ్గుముఖం పడతాయి. పులికాట్ తీరానికి పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అక్కడ వానలు, తుపానులు. మన చెరువులు తగ్గే వేళకు అక్కడి చెరువులు నిండుతాయి. పక్షులు ఆ లెక్క చూసుకొనే వస్తాయి. అక్టోబరు నుంచి రావడం మొదలుపెట్టి, మార్చి దాకా ఉంటాయి. చూడటానికి డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. మనకు సంక్రాంతి సెలవులు సరిగ్గా సరిపోతాయి.

సూళ్ళూరుపేటలో ఫ్లెమింగో ఫెస్టివల్ పేరుతో పక్షుల పండుగ 2001లో మొదలైంది. మధ్యలో కొన్నేళ్ళు ఆగి 2025 జనవరిలో మళ్ళీ జరిగింది. పండుగ రోజుల్లో స్టాళ్ళు, ఆటపాటలు, జనం ఎక్కువ. పక్షులను నింపాదిగా చూడాలంటే పండుగ లేని రోజుల్లో పోవడమే మేలు.

ఇక దారి. సూర్యాపేటకూ కోదాడకూ రైలు లేదు. మూడు ఊళ్ళవాళ్ళమూ మిర్యాలగూడ స్టేషన్లో కలుసుకున్నాం. తిరుపతి పోయే నారాయణాద్రి ఎక్స్‌ప్రెస్ రాత్రిపూట అక్కడ ఆగుతుంది. గుంటూరు, తెనాలి, నెల్లూరు మీదుగా తెల్లవారకముందే గూడూరు చేరుస్తుంది. గూడూరు నుంచి చెన్నై వైపు పోయే లోకల్ రైళ్ళూ, ఆర్టీసీ బస్సులూ నాయుడుపేట మీదుగా సూళ్ళూరుపేట పోతాయి. బస్సులో పోయేవాళ్ళు సూర్యాపేట, కోదాడల నుంచి విజయవాడ చేరి అక్కడ చెన్నై వైపు రైలు పట్టుకోవచ్చు. ఈ ప్రాంతమంతా 2022 ఏప్రిల్ దాకా నెల్లూరు జిల్లాలో ఉండేది. ఆ తర్వాత తిరుపతి జిల్లాలోకి వచ్చింది. పాత పుస్తకాల్లో నెల్లూరు జిల్లా అని ఉంటే తికమకపడవద్దు.

సూళ్ళూరుపేట కాళంగి ఒడ్డున ఉంది. ఒడ్డునే చెంగాళమ్మ గుడి. ఆ గుడి తలుపులు రాత్రిళ్ళు కూడా మూయరు. బస చేయడానికి ఊళ్ళో లాడ్జీలున్నాయి. మేము సద్దులు కట్టుకొని పోయాం. జొన్నరొట్టెలు, పులిహోర రెండో రోజు పొద్దుటి దాకా వచ్చాయి. ఖర్చు ఎక్కువైతే హాస్టల్ పిల్లలు రాలేరు. అందుకే కారు మాట లేకుండా రైలు, బస్సు, ఆటోలతోనే తిరిగాం.

నేలపట్టు: గూళ్ళ ఊరు

నాయుడుపేటకూ సూళ్ళూరుపేటకూ మధ్య దొరవారిసత్రం ఉంది. హైవే నుంచి కొద్ది దూరం లోపలికి పోతే నేలపట్టు. పేరు గొప్పగా ఉన్నా, చూస్తే అది మన ఊరి చెరువే. అదే కట్ట, అదే తూము. తేడా ఒక్కటే. చెరువు నీళ్ళలో కడప చెట్లు గుంపులుగా నిలబడి ఉంటాయి. ఆ చెట్లు నెలల తరబడి నీళ్ళలో ఉన్నా చావవు. చుట్టూ నీళ్ళుంటే పిల్లి, నక్క లాంటివి చెట్టు దగ్గరికి రాలేవు. అందుకే పక్షులు వాటి మీద గూళ్ళు కడతాయి.

మేము పోయినప్పుడు ప్రతి కొమ్మ మీదా గూళ్ళే. ఇక్కడి పెద్దపక్షి గూడబాతు. దాని ముక్కు కింద తోలు సంచి వేలాడుతుంటుంది. మన తాతలు గూడ వేసి పొలానికి నీళ్ళు తోడినట్టే, అది సంచిని నీళ్ళలో ముంచి చేపలను తోడుతుంది. నీళ్ళు వదిలేసి చేపలను మింగుతుంది. గూటికి వచ్చాక తల్లి నోరు తెరిస్తే పిల్ల ఆ సంచిలోకి తలంతా దూర్చి తింటుంది. మొదటిసారి చూసినప్పుడు తల్లే పిల్లను మింగేస్తోందని మాతో వచ్చిన ఒక తమ్ముడు కేక పెట్టాడు. గుడ్డు పొదగడానికే సుమారు నెల పడుతుంది. పిల్ల ఎగరాలంటే ఇంకా నెలలు కావాలి. అన్ని నెలలూ చెరువులో నీళ్ళుండాలి, చుట్టుపక్కల చేపలుండాలి. అందుకే ఈశాన్య వానలు తప్పిన సంవత్సరం ఇక్కడ గూళ్ళు తగ్గిపోతాయి.

గూడబాతుల పక్కనే నల్లని తల, వంగిన ముక్కు ఉన్న తెల్లకంకణాయిలు, నీటికాకులు, పగలంతా కునికి సాయంత్రం వేటకు పోయే చింతవక్కలు, ముక్కు కొస గరిటెలా ఉండే తెడ్డుమూతి కొంగలు కనిపించాయి. వీటన్నిటిలో మమ్మల్ని ఎక్కువసేపు నిలబెట్టింది నత్తగుల్ల కొంగ. అది మాకు కొత్త పక్షి కాదు. సాగర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, కోదాడ వరిపొలాల్లో చిన్నప్పటి నుంచీ చూసినదే. ముక్కు మూసినా మధ్యలో సందు మిగులుతుంది. ఏదో దెబ్బ తగిలి ముక్కు వంకర పోయిందేమో అనుకునేవాళ్ళం. అది దెబ్బ కాదు. పుట్టినప్పుడు ముక్కు తిన్నగానే ఉంటుంది, పెరిగేకొద్దీ సందు ఏర్పడుతుంది. అలాంటి ముక్కుతోనే అది నత్తగుల్లలోని కండను కోసి బయటికి లాగుతుంది. మన మడిలో నత్తలను ఏరే కూలీని మనమే గులేరుతో కొట్టామన్నమాట!

అక్కడే ఇంకో సంగతి జరిగింది. పక్షులన్నీ ఒక్కసారి లేస్తే ఫోటో బాగా వస్తుందని మావాడు ఒకడు గట్టిగా చప్పట్లు కొట్టాడు. అటవీశాఖ వాచర్ పెద్దాయన గబగబా వచ్చాడు. తిట్టలేదు. "అబ్బయ్యా, తల్లి లేస్తే పిల్ల మీద ఎండ పడద్ది. ఆ సందులో కాకి వచ్చి గుడ్డు ఎత్తకపోద్ది. నీకు ఫోటో, దానికి సంవత్సరం" అన్నాడు. మావాడు ఆ తర్వాత సాయంత్రం దాకా నోరెత్తలేదు. మాకందరికీ తగిలిన మాట అది.

ఊరివాళ్ళతో మాట్లాడాం. పక్షులు వచ్చాయంటే ఆ యేడు వానలు బాగున్నట్టేనని వాళ్ళ నమ్మకం. రెట్టలు కలిసిన చెరువు నీళ్ళు పొలానికి పారితే ఎరువులా పనిచేస్తాయి. అందుకే ఎవరూ గూటి మీద చెయ్యి వేయరు. బోర్డులూ కంచెలూ తర్వాత వచ్చాయి. ముందు కాపాడింది ఊరే. గుంటూరు దగ్గర ఉప్పలపాడు ఊరి చెరువుల్లో, అనంతపురం వైపు వీరాపురంలో కూడా పక్షులను ఇలా ఊళ్ళే కాచుకున్నాయి. పిల్లలను దూరం తీసుకుపోలేనివాళ్ళు కోదాడ నుంచి ఒక్క రోజులో ఉప్పలపాడు చూసి రావచ్చు.

ఇక్కడ ఒక తప్పు దిద్దుకోవాలి. రెక్కల మీద నలుపు, తోక దగ్గర గులాబీ రంగు, పసుపు ముక్కు ఉన్న ఎర్రకాళ్ళ కొంగలను మనం సైబీరియా కొంగలంటాం. పేపర్లలో కూడా అలాగే రాస్తుంటారు. అవి సైబీరియావి కావు, మన దేశపు పక్షులే. నిజమైన సైబీరియా కొంగలు రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌కు వచ్చేవి. 2002 తర్వాత అవి మన దేశానికి రావడమే మానేశాయి. మనింటి పక్షిని పరాయిదనుకుంటే దాన్ని చూసుకోవాలన్న బాధ్యత కూడా పరాయిదే అవుతుంది.

అటకానితిప్ప రోడ్డు మీద

రెండో రోజు చీకటితోనే సూళ్ళూరుపేటలో ఆటోలు మాట్లాడుకొని శ్రీహరికోట రోడ్డు పట్టాం. ఈ రోడ్డు సరస్సు మధ్యలో నుంచే పోతుంది. రెండు పక్కలా నీళ్ళు, బురద నేలలు. దారిలో అటకానితిప్ప అనే చిన్న దీవి వస్తుంది. అక్కడ దిగి నడిచాం. శీతాకాలంలో సూర్యుడు కాస్త దక్షిణంగా పొడుస్తాడు కాబట్టి, పొద్దున్నే రోడ్డుకు ఉత్తరం వైపు చూస్తే ఎండ కళ్ళలో కొట్టదు, పక్షుల రంగులు బాగా తెలుస్తాయి.

దూరంగా నీళ్ళలో తెల్లటి గీత కనిపించింది. ఉప్పు కుప్పలనుకున్నాం. దుర్భిణిలో చూసిన తమ్ముడు, "అన్నా, కుప్పలకు కాళ్ళున్నయ్!" అన్నాడు. అవి ఫ్లెమింగోలు. వీటిని రాజహంసలని కూడా రాస్తుంటారు. నాలుగడుగులకు పైగా ఎత్తు. తల నీళ్ళలో పెట్టి మెల్లగా అడుగులు వేస్తున్నాయి. ఒక గుంపు లేచినప్పుడు రెక్కల కింద ఎరుపు, అంచుల్లో నలుపు ఒక్కసారి తెరుచుకున్నాయి. కాసేపు ఎవరమూ మాట్లాడలేదు.

ఫ్లెమింగో తిండి తినే తీరు విచిత్రం. తలను తలకిందులుగా పెట్టి, వంగిన ముక్కును నీళ్ళలో ముంచుతుంది. నాలుకతో నీళ్ళను లోపలికి లాగి బయటికి నెడుతుంది. ముక్కు అంచుల్లో జల్లెడ లాంటి పళ్ళెలుంటాయి. నీళ్ళు పోతాయి, సన్నని రొయ్యలూ నాచూ మిగులుతాయి. ఆ తిండిలో ఉండే రంగు పదార్థమే, అంటే క్యారెట్‌కు రంగునిచ్చే జాతిదే, ఈకలకు గులాబీ రంగునిస్తుంది. పిల్లగా ఉన్నప్పుడు ఫ్లెమింగో బూడిద రంగులోనే ఉంటుంది. అది పులికాట్‌లో గుడ్లు పెట్టదు. మన దేశంలో వీటి పెద్ద గూళ్ళ చోటు గుజరాత్‌లోని కచ్ రణ్ ప్రాంతం. బురదతో చిన్న దిబ్బ కట్టి, దాని మీద ఒక్కటే గుడ్డు పెడుతుంది. పులికాట్‌కు తిండి కోసం వస్తుంది. మనం చదువుకోసం ఊరు విడిచి హాస్టలుకు వచ్చినట్టు, అది బతుకుదెరువు కోసం వచ్చింది.

మధ్య ఆసియా, సైబీరియాల నుంచి చలికాలం గడపడానికి వచ్చే బాతులు కూడా ఇక్కడ చాలా ఉన్నాయి. తోక సూదిలా ఉండే సూదితోక బాతులు గుంపులుగా తేలుతున్నాయి. నీళ్ళ అంచున పరుగెత్తే చిన్న ఉల్లంకి పిట్టలను లెక్కపెట్టబోయి ఓడిపోయాం.

దీవుల్లో మనుషులు

పక్షులను చూసి వెనక్కి తిరిగితే సగమే చూసినట్టు. సరస్సులో ఇరకం, వేనాడు లాంటి దీవులున్నాయి. వేనాడులో దర్గా ఉంది. ఇరకం పోవాలంటే తడ దగ్గరి భీములవారిపాలెం రేవు నుంచి పడవ ఎక్కాలి. గాలి, వాన, పడవ అనుమతి ముందే కనుక్కోవాలి. లైఫ్ జాకెట్ లేకుండా ఎక్కకూడదు. దీవిలో ఉండేవాళ్ళకు సరుకులకైనా, వైద్యానికైనా, పై చదువులకైనా పడవే దిక్కు. బస్సు తప్పిపోతే మనం ఇంకో బస్సుకు చూస్తాం. వాళ్ళు గాలి తగ్గడానికి చూస్తారు. ఈ దీవుల జీవితాన్ని స.వెం. రమేశ్ "ప్రళయకావేరి కథలు"గా అక్కడి పలుకుబడిలోనే రాశారు. పోయేముందు ఒకసారి చదివితే కళ్ళు వేరుగా చూస్తాయి. మన హాస్టళ్ళ లైబ్రరీల్లో ఉండవలసిన పుస్తకం.

శ్రీహరికోట లోపలికి ఇష్టం వచ్చినట్టు పోనివ్వరు. అది అంతరిక్ష కేంద్రం. 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి మొదటి చిన్న రాకెట్ ఎగిరింది. 2002లో ఆ కేంద్రానికి సతీశ్ ధావన్ పేరు పెట్టారు. ప్రయోగాలు చూడటానికి 2019 నుంచి గ్యాలరీ ఉంది. ముందుగా పేరు నమోదు చేసుకొనే పోవాలి. రాకెట్ ఎగిరినప్పుడు మనమంతా చప్పట్లు కొడతాం, కొట్టాలి కూడా. కానీ మన హాస్టళ్ళ పిల్లలం ఒక సంగతి మరిచిపోకూడదు. ఆ దీవి అడవిలో తేనె, దుంపలు, చేపలతో బతికిన యానాదులు ఉండేవాళ్ళు. కేంద్రం వచ్చినప్పుడు వాళ్ళ కుటుంబాలు చోటు వదిలి కదలవలసి వచ్చింది. అడవి గురించీ, నీళ్ళ గురించీ, మూలికల గురించీ వాళ్ళకు తెలిసినంత ఏ పుస్తకంలోనూ లేదు. దేశం ముందుకు పోతున్నప్పుడు ఎవరు ఏం వదులుకున్నారో తెలుసుకోవడం కూడా చదువే.

సరస్సుకు వచ్చిన కష్టం

పులికాట్ ఎప్పటికీ ఇలాగే ఉంటుందనుకుంటే పొరపాటు. సముద్రపు నీరు వచ్చే ముఖద్వారాలు ఇసుకతో పూడిపోతున్నాయి. ఉత్తరాన రాయదొరువు దగ్గరి ముఖద్వారం కథ ఇదే. నీళ్ళు రాకపోతే ఎండాకాలానికి ఉత్తర భాగం ఎండి ఉప్పు పేరుతుంది. చేప రాదు. చేప రాకపోతే మొదట ఆకలి పడేది జాలరి, తర్వాత పక్షి. రోడ్డు కట్ట వల్ల సరస్సులో నీటి కదలిక తగ్గిందని చదువుకున్నవాళ్ళు చెబుతున్నారు. పూడిక తీయాలని జాలర్లు ఏళ్ళ తరబడి అడుగుతున్నారు. పక్షులను కాపాడాలంటే మనుషులను వెళ్ళగొట్టాలని కొందరు, మనుషులు బతకాలంటే పక్షుల సంగతి పక్కన పెట్టాలని కొందరు అంటుంటారు. మాకు అక్కడ కనిపించింది వేరు. ఇద్దరికీ కావలసింది ఒక్కటే, కదిలే నీళ్ళు.

పక్షులు అలిగితే తిరిగి రావు అనడానికి మన తెలుగునేల మీదే సాక్ష్యం ఉంది. 1946లో కె.కె. నీలకంఠన్ అనే పక్షి పరిశీలకుడు పశ్చిమ గోదావరిలోని ఆరేడు అనే ఊళ్ళో వందలాది గూడబాతుల గూళ్ళను చూసి లోకానికి చెప్పారు. ఊరి చెట్ల మీద అవి తరతరాలుగా గూళ్ళు కట్టేవి. 1970ల నాటికి ఆ గూళ్ళు ఖాళీ అయిపోయాయి. ఊరు ఉంది, పక్షులు లేవు.

పోయేవాళ్ళు గుర్తుంచుకోవలసినవి

పొద్దున 6 నుంచి 9 దాకా, సాయంత్రం 4 తర్వాత చూడండి. మధ్యాహ్నం ఎండకు నీళ్ళ మీద ఆవిరి కదిలి ఏదీ సరిగా కనబడదు. ఎర్రచొక్కా, మెరిసే బట్టలు వద్దు. ఆకుపచ్చ, ఖాకీ, మట్టిరంగు మేలు. పదిమందికి ఒక దుర్భిణి ఉన్నా చాలు, వంతులవారీగా చూడవచ్చు. సెల్‌ఫోన్ మోత ఆపండి. గూళ్ళ దగ్గర చప్పట్లు, ఈలలు, రాళ్ళు వద్దు. బురదలోకి దిగకండి, కాలు ఎక్కడ కూరుకుపోతుందో తెలియదు. నీళ్ళ సీసాలు వెంట ఉంచుకోండి, ఖాళీ సీసాలు వెనక్కి తెచ్చుకోండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి పక్షులను పట్టడం, చంపడం, అమ్మడం నేరం. రామచిలుకను పంజరంలో పెట్టడం కూడా అందులోకే వస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యం ఒక నోటుబుక్కు. చూసిన పక్షి పేరు తెలియకపోతే ముక్కు ఎలా ఉంది, కాళ్ళ రంగు ఏమిటి, ఏం తింటోంది అని రాసుకోండి. పేరు తర్వాత వెతుక్కోవచ్చు. సలీం అలీ 1941లో రాసిన భారతదేశపు పక్షుల పుస్తకం ఇప్పటికీ చాలామందికి మొదటి గురువు.

తిరిగొచ్చాక

రైలు దిగి మిర్యాలగూడ నుంచి బస్సులో సూర్యాపేట వస్తుంటే, దున్నుతున్న ట్రాక్టరు వెనక తెల్లకొంగలు నడుస్తున్నాయి. పక్క మడిలో నాలుగు నత్తగుల్ల కొంగలు. వెళ్ళేటప్పుడు కూడా అవి అక్కడే ఉండి ఉంటాయి. మేము చూడలేదు. మాతో వచ్చిన తమ్ముడు కిటికీలో నుంచి వేలు పెట్టి, "అన్నా, మన నత్తగుల్ల" అన్నాడు. మూడు వందల మైళ్ళ ప్రయాణం ఆ "మన" అన్న మాట కోసమే అనిపించింది.

సూర్యాపేట దగ్గర మూసీ ప్రాజెక్టు ఉంది. పిల్లలమర్రి చెరువు కాకతీయుల కాలం నాటిది. కోదాడ, హుజూర్‌నగర్, మిర్యాలగూడ చుట్టూ కాలువ నీళ్ళు, వరిపొలాలు, ఊరూరా కుంటలు. నేలపట్టు చెరువుకు ఉన్నవి మన చెరువులకూ ఉన్నాయి. లేనిదల్లా చూసే కన్ను, కాపాడే ఊరు. కట్ట మీది తుమ్మలు కొట్టేస్తే, శిఖంలో మట్టి పోసి ప్లాట్లు చేస్తే, మిగిలిన నీళ్ళలోకి మురుగు వదిలితే మన ఊళ్ళు కూడా ఆరేడు దారిలోనే పోతాయి.

అందుకని ఒక చిన్న పని తలపెట్టాం. మూడు ఊళ్ళలో మేము చదివిన హాస్టళ్ళకు ఒక్కొక్క నోటుబుక్కు ఇస్తున్నాం. దుర్భిణి మూడింటికీ కలిపి ఒకటి, నెలకొక చోట ఉంటుంది. ప్రతి ఆదివారం చెరువుకు పోయినప్పుడు కనబడిన పక్షులను తేదీ వేసి రాయండి. తెలియని పేరు దగ్గర బొమ్మ గీయండి. వచ్చే వార్షికోత్సవ సంచికలో ఆ జాబితాను మీ పేర్లతోనే అచ్చు వేయాలని మా కోరిక.

గులేరు ఉన్నవాళ్ళు దాన్ని కూడా నోటుబుక్కుతో పాటు పెట్టెలో పెట్టేయండి తమ్ముళ్ళూ. మా గులేర్లు మేము పోయినేడే పారేశాం, కాస్త ఆలస్యంగా.